పదో సంతకం

నా చేతిరాత బాగుంటది. గొప్పకు చెప్తలేను. నేను చేసిన తప్పు ఆ చేతిరాతతోనే జరిగింది, అందుకే ముందుగాల చెప్తున్న.

నేను బడి మొఖం చూడలేదు. మా ఊరు ఎల్దుర్తి దిక్కు. మా నాయన ఊరూరు తిరిగి పురాణం చెప్పేటోడు. బడి పక్క ఊర్ల ఉండె, నడుమ వాగు. "ఆడపిల్ల వాగు దాటుడెందుకు, నేను లేనా?" అని నాయన ఇంటి అరుగు మీద ఇసుక పోసి, నా వేలు పట్టి దిద్దించిండు. టేక్మాల్‌కు ఇచ్చిన మా మేనత్త పుట్టింటికి వచ్చినప్పుడల్లా నా పక్కన కూసుని దిద్దేది. తన పేరు రాసుడు వచ్చేదాంక కూసుని, "ఇగ నాకు చాలురా అన్నా, దీన్నే కలెక్టర్ను చెయ్యి" అని లేచిపోయింది. నేను కూసున్న. నాయన పోయి చానా ఏండ్లయింది. ఇప్పటికీ పుస్తకం తెరిచినప్పుడల్లా ముందు ఆయనకు దండం పెట్టుకుంట.

పెండ్లయి మెదక్ వచ్చిన. మా ఆయనది బట్టల దుకాణం. ముందల దుకాణం, ఎనుక ఇల్లు, నడుమ ఒక తలుపు, తలుపుకు తెర. ముప్పై ఏండ్ల సంది నేను ఆ తెరకు ఇవతలనే ఉన్న. ఎవలో ఉండమన్నరని కాదు, నాకే అట్ల అలవాటయింది. ఆయన మంచి మనిషి. ఒక్క దినం తాగి రాలే. నాకు ఆపరేషన్ అయినప్పుడు దుకాణం మూసి పదకొండు దినాలు దవాఖాన్ల నా మంచం పక్కన నేల మీద పండుకున్నడు. ఇది కూడా రాయకపోతే నేను చెప్పేదంతా అన్యాయమయితది.

ఆయనకు కొన్ని పట్టుదలలు ఉండె. దుకాణంల నైటీలు అమ్మడు. ఆడోళ్లు వచ్చి చీరెలు చూసుకొని, జాకెట్ గుడ్డ చింపించుకొని, పోయే ముందు మెల్లగ అడిగేటోళ్లు.

"నైటీలు లేవా సేటూ?"

"రాత్రి కట్టుకునేది పగటిపూట అమ్మనమ్మా."

వాళ్లు నవ్వుకుంట పక్క దుకాణానికి పోయేటోళ్లు. దుకాణంల గుమస్తా ఉండేటోడు, నేను కాపురానికి రాకముందు నుంచే ఉన్న మనిషి, నాకన్నా పదిహేనేండ్లు పెద్ద. నేను కాకా అంట. ఆయన నెత్తి గోక్కుని, "సేటూ, మన గిరాకి మన కండ్ల ముందలనే పోతున్నది" అనేటోడు. "పోనీ కాకా" అనేటోడు మా ఆయన.

బట్ట కొలుచుకుంట ఆయన దేశం సంగతి మాట్లాడేటోడు. గల్లీకొక వైన్ షాపు వచ్చింది, పిల్లల చేతుల ఫోన్లు వచ్చినయి, ఆడపిల్లలు హాస్టళ్లల్ల చెడిపోతున్నరు, పెద్దల మాటకు విలువ పోయింది. గిరాకికి వచ్చినోళ్లు సేటు మాటకు కాదంటరా? "నిజం సేటూ, అవును సేటూ" అనేటోళ్లు. ఆ అవునులన్నీ ఓట్లు అనుకున్నడు ఆయన.

పార్లమెంటుకు నిలబడతనని మొదటిసారి చెప్పినప్పుడు కాక ఊకోలే. "ముందు వార్డు మెంబరుకు నిలబడు సేటూ. మన గల్లీ అంతా నీ గిరాకీలే."

"వార్డు మెంబరు మురికి మోరీలు చూసుకుంటడు. దేశం పాడయితుంటే నన్ను మోరీలు చూడమంటవా?"

ఏ పార్టీలకూ పోలే. పార్టీలల్ల తాగేటోళ్లు ఉంటరన్నడు. పార్టీ లేని మనిషి పార్లమెంటుకు నిలబడాలంటే, ఆ నియోజకవర్గంల ఓటున్న పదిమంది, ఈయన నిలబడుడు మాకు సమ్మతమే అని సంతకాలు పెట్టాలె. ఆ పదిమంది ఏ అసెంబ్లీ కింద ఓటర్లో, లిస్టుల ఏ నంబరో, ఒక్కొక్కరిది రాయాలె. పదిమందిల ఒక్కరి ఓటు అక్కడిది కాకపోయినా కాగితం చెల్లదు. ఆ కాగితాలన్నీ నేనే రాసిన. తెర ఎనుక కూసుని, అరుగు మీద నాయన దిద్దించిన అక్షరాలతోనే. ఆయన పక్కన నిలబడి చూసి, "ముత్యాల లెక్క ఉన్నయి" అన్నడు. సంబురపడ్డ.

కుట్టుమిషన్ గుర్తు అడిగిండు. గోబిపువ్వు ఇచ్చిండ్రు. నెల తిరిగేసరికి మెదక్ల ఆయన పేరే మారిపోయింది, గోబి సేటు అయిండు. గుడికి పోతే అర్చన చీటీ కోసం నిలబడ్డ కాడ ఒకామె అడిగింది, "ఏం సేటమ్మా, ఇయ్యాల ఏం కూర? గోబీయేనా?" అందరు నవ్విండ్రు. నేనూ నవ్విన, నవ్వకపోతే ఇంకా నవ్వుతరని. డిపాజిట్ పోయింది. ఎవలికీ ఓటు ఎయ్యం అని ఒత్తే నోటా మీటకు కూడా ఆయనకంటె ఎక్కువే పడ్డయి. ఆయన మరునాడు ఎప్పటి లెక్కనే దీపం పెట్టి దుకాణం తెరిచిండు. "జనానికి ఇంకా అర్థం కాలే, అయితది" అన్నడు.

రెండోసారి గాజుల గుర్తు వచ్చింది. మగోళ్లు ఊకుంటరా. ఆ సారి జరిగిన ఒక సంగతి మాత్రం చెప్పాలె. ఓట్లయిన వారానికి మా మేనత్త టేక్మాల్ నుంచి వచ్చి, చెప్పులు ఇడువకముందే అన్నది:

"ఓటు మిషన్ మీద గాజులు ఏడున్నయో ఎంత దేవులాడినా దొరకలే బిడ్డా. ఆడ కూసున్న పోరడు జల్ది జల్ది అని ఒకటే లొల్లి. ఆఖరికి ఏదో ఒకటి ఒత్తి వచ్చిన. అల్లునికి చెప్పకు."

నాకు నవ్వు, పరేషాన్ రెండూ అయినయి. ఆమె ఓటరు కార్డు తీసి చూసిన. అసెంబ్లీ కాడ ఆందోల్ అని ఉన్నది. పేపర్ల ఆందోల్ ఏ పార్లమెంటు కింద వస్తదో వెతికిన. టేక్మాల్ మా జిల్లానే. గాని పార్లమెంటు ఓటుకు వచ్చేసరికి అది మెదక్‌ది కాదు, జహీరాబాద్‌ది. పాపం ఆమె లేని గాజుల కోసం దేవులాడింది. ఆయనకు చెప్పి నవ్విద్దామనుకున్న. అప్పుడే డిపాజిట్ పోయిన బాధల ఉన్నడని చెప్పలే. తర్వాత చెప్పే పని పడలే. అట్ల ఆ సంగతి మా ఇంట్ల నాకొక్కదానికే తెలిసి ఉండిపోయింది.

మూడోసారి ఆయన నన్ను ప్రచారానికి రమ్మన్నడు.

"నేను రాను. నాకు మాట్లాడరాదు."

"మాట్లాడకు. ఊకె నిలబడు. నాకు బలముంటది."

శంకరంపేట అంగడి. ట్రాలీ ఆటోకు మైకు కట్టిండ్రు. కాక కింద నిలబడి కరపత్రాలు పంచుతుండె. నేను కొంగు నిండ కప్పుకొని ఆటో మీద ఆయన పక్కన నిలబడ్డ. ఆయన వైన్ షాపుల ముచ్చట చెప్పిండు, ఫోన్ల ముచ్చట చెప్పిండు. జనం కూరగాయలు ఏరుకుంట పోతున్నరు. అప్పుడు నా దిక్కు చెయ్యి చూపిండు.

"ఇగో, మా ఇంటామె. బడికి పోలే, కాలేజీకి పోలే. ఇంట్లనే అక్షరం నేర్చుకున్నది. పొద్దున లేస్తే దీపం, పుస్తకం. ఇన్నేండ్లల్ల ఎవలతోనన్న ఒక్క మాట పడ్డదా అడుగుండ్రి! ఆడపిల్లను ఇంట్ల పెట్టి చదివిస్తే గిట్ల ఉంటది. నన్ను ఢిల్లీకి పంపుండ్రి, ఈ మాట ఆడ చెప్తా!"

ఎల్లిగడ్డలు అమ్మే ఒకామె తక్కెడ కింద పెట్టి లేసింది.

"మంచిగున్నది సేటూ. మరి ఆమెను జర మాట్లాడమను. నోరు కూడ ఇంట్లనే పెట్టి వచ్చిందా?"

అంగడంతా ఇటు తిరిగింది. ఆయన మైకుల అన్నడు, "ఆమెకు సిగ్గెక్కువమ్మా."

"నువ్వు ఢిల్లీకి పోతే ఆమె ఈడనే ఉంటదా?"

"ఉంటది."

"అయితే పో సేటూ, జల్ది పో! ఆమెకన్న జర తీరిక దొరుకుతది!"

ఎంతసేపు నవ్విండ్రో నాకు తెల్వదు. నేను కింద చూసిన. కాక కూడా తల వంచుకొని కరపత్రాలు సర్దుకుంటున్నడు. నాయన నాకు ఇచ్చింది బంగారం లెక్క దాసుకున్న. దాన్ని ఎల్లిగడ్డల పక్కన తక్కెడల పెట్టినట్టయింది. పైగా ఆమె అడిగిన దాంట్ల తప్పేమున్నది? మాట్లాడమన్నది. వాగు అవతల బడి గంట వినబడినప్పుడు చిన్నప్పుడు నాకేమనిపించేదో చెప్పొచ్చు. చెప్పలే.

వచ్చేటప్పుడు ఆటోల ఆయన అన్నడు, "ఇయ్యాల జనం మంచిగ ఆగిండ్రు గద?"

"ఆ" అన్న.

అది కూడా నా తప్పుల్ల రాసుకోవాలె. ఆయనకు నిజంగనే తెల్వదు. నవ్వుడు కూడా ఆయనకు జనం ఆగినట్టే కనబడ్డది. ఆ ఒక్క మాట నేను అప్పుడే చెప్పి ఉంటే ఇది రాసే పనే ఉండకపోవు.

నాలుగోసారి నోటిఫికేషన్ రాంగనే ఆయన కొత్త ధోవతి తీసిండు. "ఇగ చాలు గద అండి" అన్న.

"ఓడుడు, గెలుసుడు దేవుని చేతుల ఉన్నది. నిలబడుడు నా చేతుల ఉన్నది." తర్వాత మొఖం ఎలిగించుకొని అన్నడు, "ఈసారి ఒక్క అంగడి కూడా ఇడిచిపెట్టం. ఎల్దుర్తి, నర్సాపూర్, రామాయంపేట, అన్నీ తిరుగుదాం. నువ్వొస్తే జనం ఆగుతరు."

ఎల్దుర్తి మా నాయన పురాణం చెప్పిన ఊర్ల నడుమ. ఆ అంగట్ల నన్ను ఎరిగినోళ్లు ఉంటరు, నాయనను ఎరిగినోళ్లు ఉంటరు. రానని చెప్పొచ్చు. పొద్దున, మాపున దీపం కాడ కూసుని, ఈ గండం తప్పించు తల్లీ అని ఏడుపాయల అమ్మవారిని అడిగిన గాని, నాలుగడుగుల దూరంల ఉన్న మనిషిని అడగలే.

కాక తిరిగి తిరిగి పదిమందిని ఒప్పించిండు. "రెండు సెట్లు ఏద్దాం సేటూ. ఒకటి తప్పినా ఒకటి ఉంటది" అన్నడు.

"నా మాట ఒకటే, నామినేషన్ ఒకటే."

ఆఖరి దినం. మూడు గంటలకు కలెక్టరాఫీసుల గేటు మూస్తరు. తొమ్మిది సంతకాలు అయినయి. పదో ఆయన ఎల్దుర్తి మనిషి, విత్తనాల దుకాణం. పన్నెండు దాటినంక ఫోన్ చేసి రానన్నడు. ఎవలో ఏదో చెప్పినట్టున్నరు. కాక సైకిల్ మోటర్ ఎక్కబోయిండు, ఎవలినన్న పట్టుకొస్తనని. మా ఆయన దుకాణంల ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు ఏస్తున్నడు.

మా మేనత్త ఆ వారం మా ఇంట్లనే ఉన్నది. కంటి ఆపరేషన్ అయింది. ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టుకొని మంచం మీద కూసుని ఉన్నది. దవాఖాన్ల అడుగుతరని తెచ్చిన ఓటరు కార్డు ఆమె సంచిలనే ఉన్నది.

నేను తెర ఇవతల నుంచి అన్న, "అత్త ఉన్నది గద."

ఎవలూ నన్ను అడగలే. నేనే అన్న.

"అరె, నిజమే!" ఆయన గొంతుల పానం వచ్చింది. "టేక్మాల్ మన జిల్లానే గద. ఎవలో ఎందుకు, ఇంటి మనిషే ఉండంగ. కాకా, ఇగ పోకు!"

కార్డు తీసుకొని కూసున్న. పదో వరుసల అసెంబ్లీ పేరు ఉన్న కాడ ఆందోల్ అని రాసిన. మిగిలిన తొమ్మిదింటికంటె ఆ అక్షరాలు బాగొచ్చినయి. నేను ఒక్క అక్షరం కూడా అబద్ధం రాయలే, కార్డుల ఉన్నది ఉన్నట్టు రాసిన. చానా దినాలు ఆ మాటతోనే నన్ను నేను సముదాయించుకున్న. అబద్ధం రాయకుండనే మోసం చెయ్యొచ్చని ఆ దినం నేర్చుకున్న.

"ఏడ పెట్టాలె బిడ్డా?" అత్త ఒక కంటితో కాగితం మీదికి వంగింది.

"ఈడ అత్తా."

అరుగు మీద నేర్చుకున్న పేరు మెల్లగ రాసింది. రాసి, "అల్లుడు గెలిస్తే నాకు బంగారు కడ్డీల అద్దాలు తేవాలె" అన్నది. ఆయన అంత హడావిడిల కూడా నవ్విండు, "రెండు జతలు తెస్త అత్తా."

కాగితాన్ని మడిచి సంచిల పెట్టుకున్నడు. కాక ఒకసారి చూద్దామని చెయ్యి చాపిండు. ఆయన అన్నడు, "ఆమె రాసినంక మల్ల చూసుడేంది కాకా. నడు, గేటు మూస్తరు."

మరునాడు కాగితాల పరిశీలన. ఇద్దరు పొద్దున్నే పోయిండ్రు. పగటీలి ఒంటిగంటకు వచ్చిండ్రు. చెప్పుల సప్పుడుకే తెలిసింది నాకు. తెర ఎనుక నిలబడ్డ.

"ముప్పై ఏండ్లకు పైనే చేస్తున్నవు," మా ఆయన మెల్లగ అంటున్నడు. ఆయన అరిచే మనిషి కాడు. "పదిమందిని చూసుకునే పని నీకు అప్పజెప్పిన. పదో మనిషి ఓటు ఏడుందో చూసుకోలేవా? అందరి ముందల ఆ ఆఫీసర్ సారు ఏమన్నడో విన్నవు గద. మీ నియోజకవర్గం ఏందో మీకే తెల్వదా పెద్దమనిషీ అన్నడు."

"తప్పు నాదే సేటూ. నేనే చూసుకోలే."

"గింత పని చూసుకోలేనోనివి దుకాణమేం చూస్తవు?"

కాక తాళాల గుత్తి బల్ల మీద పెట్టిన సప్పుడు వినబడ్డది. తెరకు, బల్లకు నడుమ మూడడుగులు ఉంటయి. నేను తెర గట్టిగ పట్టుకొని నిలబడ్డ. ఇప్పుడు పోత, ఇప్పుడు పోత అనుకున్న. మెట్లు దిగుతున్న సప్పుడు వచ్చింది. తర్వాత రాలే.

"ఏమైంది బిడ్డా?" లోపల నుంచి అత్త.

"ఏం లేదత్తా. కండ్లు మూసుకో, మందు ఏస్త."

నిజం చెప్పాలంటే మొదటి మూడు దినాలు నాకు సుఖంగనే ఉండె. ఆటో లేదు, మైకు లేదు, అంగడి లేదు. అమ్మవారు నా మాట విన్నది అనుకున్న. ఇంత సిగ్గులేని దండం నేను ఎన్నడూ పెట్టలే.

నాకు చిన్నప్పటి నుంచి ఒక అలవాటు. మాపటి దీపం కాడ ఆ దినం అందిన మంచినంతా ఒక్కొక్కటి చెప్పుకొని దండం పెట్టుకుంట. నీళ్లు వచ్చినయి, పాలు ఇరగలే, ఎవలో మంచిగ పలకరించిండ్రు, ఏదైనా సరే. నాలుగో దినం కూసుంటే నోరు రాలే. ఏది చెప్పబోయినా దాని ఎనుక తాళాల గుత్తి సప్పుడు వినబడుతుండె.

దుకాణంల ఆయన ఒక్కడే అవస్థ పడుతున్నడు. ఏ బట్ట తాను ఏ అరల ఉన్నదో కాకకే తెలుసు. గిరాకి పచ్చది అడిగితే నీలం దించుతడు, మల్ల నిచ్చెన ఎక్కుతడు. చర్చి దిక్కు బడిల చెప్పే టీచరమ్మ ఒకామె ఏటా తెల్ల చీరెలు మా కాడనే కొంటది. ఆమె వచ్చి అడిగింది, "కాక ఏడి సేటూ?"

"రాడమ్మా ఇగ."

"అయ్యో. బస్టాండు కాడ రెడీమేడ్ దుకాణంల పని అడుగుతుంటే నిన్న చూసిన. ఆ పోరగాండ్లు తాతా, నువ్వు నిచ్చెన ఎక్కుతవా అని పరాచికాలాడుతున్నరు. ఈడ మానేసిండని నాకు తెల్వకపాయె."

ఆయన చీరె మడత పెట్టి కవర్ల ఏసిచ్చిండు. నేను ఆ మాపు బువ్వ తినలే.

మరునాడు పొద్దున ఆయనకు గుడికని చెప్పి కాక ఇంటికి పోయిన. ముప్పై ఏండ్లల్ల ఆ ఇంటికి పోయింది అదే మొదలు. గుడికని చెప్పుడు కూడా అబద్ధమే. ఒకటి చేసినంక రెండోది ఎంత సులువుగ వస్తదో. కాక భార్య చాప పరిచి, నీళ్లిచ్చి, గోడకు ఆనుకొని నిలబడ్డది. కాక కూసోకుండ నిలబడే ఉన్నడు.

"కాకా, కాగితం రాసింది నేను" అన్న.

"నాకు ఆడనే తెలిసిందమ్మా. సారు కాగితం తిప్పి చూపిచ్చిండు. మీ చేతిరాత నాకు తెల్వదా? ఇన్నేండ్లు మీరు రాసిన చీటీలే గద నేను చదివింది."

"మరి నా తప్పని ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? అంతమంది ఆఫీసర్లు, అన్ని పార్టీలోళ్లు. ఆడ ఇంటి ఆడమనిషి పేరు తియ్యాల్నా? తర్వాత దుకాణంల చెప్పాలన్నా నోరు రాలే. మీరేమన్న కావాలని చేసిండ్రా? పొరపాటు ఎవలికైనా అయితది."

ఈ మాటకు నేను సిద్ధపడి పోలే. తిట్టుతడనుకున్న, ఏడుస్తడనుకున్న. పొరపాటు అనే పీట నాకు ఏసి చూపిచ్చిండు, కూసో అన్నట్టు. కూసోవాలనిపించింది.

"పొరపాటు కాదు కాకా. అత్త ఓటు ఇటు రాదని నాకు ముందే తెలుసు."

కాక తలుపు దగ్గరికేసి వచ్చిండు.

"సేటుకు చెప్పకుండ్రి" అన్నడు. "పొరపాటంటే ఓర్చుకుంటడు. తెలిసి చేసిండ్రంటే ఓర్చుకోడు. ఆయన ఏ ఊరికి పోయినా మీ ముచ్చట చెప్పుకొని మురిసే మనిషి. నేను ఏడనన్న పని చూసుకుంట."

గోడకు ఆనుకున్నామె అప్పుడు మాట్లాడింది. "ఏడ చూసుకుంటవు? నిన్ననే గద తాత అని ఎల్లగొట్టిండ్రు."

"నువ్వు జర ఊకో."

"ఊకుంట తీయి. ఊకునేటోళ్లంత మంచోళ్లు, మాట్లాడేటోళ్లు గయ్యాళ్లు. మీ సేటు మంచోడే, సేటమ్మ మంచిదే, నువ్వూ మంచోనివే. పొయ్యి మీదికి మాత్రం ఈ మంచి ఎక్కుతలేదు."

ఆమె నా మొఖం చూసి అనలే. నా కోసం అన్నదని నాకు తెలుసు. లేసి ఆమె చేతులు పట్టుకుందామనుకున్న. ఆమె చేతులు ఎనుకకు పెట్టుకున్నది.

ఇంటికొచ్చి ఆ దినం చెప్పలే. మరునాడూ చెప్పలే. కాక చెప్పొద్దన్నడు గద అని మనసుల ఒక సాకు పెట్టుకున్న. ఈ రెండు దినాలే నాకు అన్నిటికంటె సిగ్గు. ముందు చేసింది భయంతో చేసిన అనుకోవచ్చు. ఈ రెండు దినాలకు ఏ పేరూ లేదు.

మూడో దినం పగటీలి, గిరాకి లేదు. ఆయన నిచ్చెన మీద ఉన్నడు, పై అరల తాను ఎక్కిస్తున్నడు. నేను తెర కాడ నిలబడి అన్న.

"ఏమండి. పదో సంతకం నేను తెలిసే పెట్టిచ్చిన."

"ఏం తెలిసి?"

"అత్త ఓటు మన కింద రాదని. గాజుల గుర్తప్పటి సంది తెలుసు. అప్పుడు కాకకు తెల్వదు. ఆయన తన మీద ఏసుకున్నడు."

ఆయన నిచ్చెన దిగలే. బట్ట తాను రెండు చేతుల పట్టుకొని అట్లనే ఉన్నడు.

"ఎందుకు?"

ఎన్నో జవాబులు అనుకొని పెట్టుకున్న. అవేవీ రాలే. "నాకు సిగ్గయింది" అన్న.

"చేసినందుకా?"

"దానికీ. దానికంటె ముందు, శంకరంపేట అంగట్ల నిలబెట్టిండ్రు గద. దానికి. జనం ఆగలేదండి, నవ్విండ్రు. ఈసారి ఎల్దుర్తిల కూడ నిలబెడతనన్నరు."

"అంత కష్టమయితే నాకు చెప్పకపోయినవా?"

"మీరు అడగలే."

"నువ్వు చెప్పలే."

రెండూ నిజమే. ఆయన కిందికి దిగి, తాను బల్ల మీద పెట్టి, దాని కొస సాపు చేసిండు. ఒకసారి చేసినంక మల్ల చేసిండు. నన్ను తిడతడేమో అని చూసిన. తిట్టితే బాగుండనిపించింది. తాళాల గుత్తి తీసుకొని, చెప్పులేసుకొని పోయిండు. పెండ్లయిన సంది ఆయన దుకాణం తెరిచిపెట్టి పోవుడు నేను చూడలే.

గంటకు ఇద్దరు వచ్చిండ్రు. కాక నడుముకు గుత్తి ఉన్నది. కాక నిచ్చెన ఎక్కి, ఆయన తప్పు అరల పెట్టిన తాన్లన్నీ ఒక్కొక్కటి దించి సర్దుడు మొదలుపెట్టిండు.

ఓట్ల దినం ఆయన, నేను, కాక ముగ్గురం పోయి ఓటేసి వచ్చినం. దుకాణానికి వచ్చినోళ్లు ఇప్పటికీ అడుగుతరు.

"ఈసారి మిషన్ మీద నీ పేరు కనబడలే ఏంది సేటూ?"

"కాగితం తప్పు పోయింది. నేను చూసుకోలే."

"సేటుది కాదు, తప్పు నాది" అని నిచ్చెన పైనుంచి కాక.

"ఏందిది, గెలుసుడుకు పోటీ లేదు గాని తప్పుకు పోటీ పడుతున్నరు?" అని వాళ్లు నవ్వుతరు. ఇద్దరి మధ్యల నా పేరు రాదు. తెర ఎనుక నేను చేస్తున్న పని ఏదైనా చేతుల ఆగిపోతది.

ఒక దినం ఆయనతోని అన్న, "నేను చేసిన్నని చెప్పుండ్రి. మీరెందుకు మోస్తరు?"

"ఇంటామెను బజాట్ల పెట్టను" అన్నడు. అన్నంక తలకాయ కిందికి దించుకున్నడు. శంకరంపేట అంగడి ఆయనకూ యాదికి వచ్చినట్టున్నది.

మొన్న టీచరమ్మ వచ్చింది. చీరె మడత ఇప్పి చూసుకుంట అడిగింది, "వచ్చేసారన్న నిలబడతవా సేటూ?"

"లేదమ్మా. కాగితాలు రాసేటోళ్లు లేరు."

కోపంగ అనలే, నాకు వినబడాలని అనలే. ఉన్నమాట చెప్పినట్టు చెప్పిండు. ముప్పై ఏండ్లు నా రాతను మల్ల చూడకుండ మడిచి సంచిల పెట్టుకున్న మనిషి.

ఆ మాపు బువ్వ పెట్టుకుంట అన్న, "మీరు నిలబడతనంటే కాగితాలు నేను రాస్త. పదిమంది కార్డులు ఒకటికి రెండుసార్లు చూస్త. రాసినంక కాక చూస్తడు, ఆయన చూసినంక మీరు చూడుండ్రి. అంగడికి మాత్రం నేను రాను."

ఆయన ముద్ద కలుపుడు ఆపిండు.

"చూద్దాం" అన్నడు.

బేరం తెగని గిరాకికి ఆయన చెప్పే మాట అది. నాకు ఎన్నడూ చెప్పలే. నేను ఇంకొంచెం చారు పోసి, దీపం కాడికి పోయి, కాదు అననందుకు దండం పెట్టుకున్న.